ఓడలో చివరి ఉదయం: క్యాబిన్‌లో కూర్చుంటే ఎవరూ వచ్చి పిలవరు

పోయిన వారం మళ్లీ అదే మాట విన్నాను. చిత్తూరు నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. కొడుకు, కోడలితో కలిసి వచ్చే నెల సింగపూర్‌లో ఓడ ఎక్కుతున్నారు. వీసా, భోజనం, సముద్రం మీద కడుపులో తిప్పడం, అన్నీ అడిగి తెలుసుకున్నాక ధీమాగా అన్నారు: "దిగే రోజు మాకేమీ తొందర లేదు నాయనా. పన్నెండింటి దాకా రూము మనదే కదా. జనమంతా దిగిపోయాక నిదానంగా దిగుతాం."

తిరుపతి నుంచి జట్లను ఓడ ప్రయాణాలకు తీసుకెళ్లడం నా పని. ఈ మాట వినకుండా ఒక్క ప్రయాణమూ జరగలేదు. చదువుకున్నవారు, నాలుగు దేశాలు తిరిగినవారు కూడా ఇదే అంటారు. మిగిలిన అపోహల వల్ల మహా అయితే కాస్త చికాకు కలుగుతుంది. దీనివల్ల విమానాలు తప్పిపోతాయి, డబ్బు పోతుంది, పెద్దవాళ్లు పరాయి దేశంలో కంగారుతో వణికిపోతారు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: మన వంతు వచ్చేదాకా క్యాబిన్‌లోనే ఉండవచ్చు. వంతు రాగానే ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారు.

వాస్తవం: చాలా ఓడల్లో చివరి ఉదయం ఏడున్నర, ఎనిమిది గంటలకల్లా, ఆలస్యమైతే తొమ్మిదికల్లా క్యాబిన్ ఖాళీ చేయాలి. మీరు దిగే వంతు పదింటికి వచ్చినా సరే, గది మాత్రం అప్పటికే వదిలేయాలి. ఆ మధ్య సమయం హాల్లోనో, థియేటర్‌లోనో, పై అంతస్తులోనో కూర్చోవాలి. పిలుపు వచ్చేదాకా క్యాబిన్‌లో ఉండనిచ్చే కంపెనీలు కొన్ని ఉన్నాయి. మీ ఓడ వాటిలో ఒకటో కాదో ముందురోజు క్యాబిన్‌లో పెట్టే కాగితంలో ఉంటుంది. అది చదవకుండా ఎవరో బంధువు ఏదో ఓడలో ఉండనిచ్చారని చెప్పిన మాట నమ్మకండి.

మనకు ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. తిరుమలలో గది తీసుకుంటే 24 గంటలు మనదే. హోటల్లో అయితే మధ్యాహ్నం పన్నెండింటి లెక్క. హోటల్లో ఒక గది ఈరోజు ఖాళీ అయితే ఇంకొకటి రేపు అవుతుంది. ఓడలో అలా కుదరదు. ఎక్కినవాళ్లంతా ఒకే ఉదయం దిగాలి, అదే మధ్యాహ్నం కొత్తవాళ్లంతా ఎక్కాలి, నాలుగైదు గంటలకు ఓడ మళ్లీ కదలాలి. సింగపూర్ మెరీనా బే టెర్మినల్ నుంచి నడిచే పెద్ద ఓడల్లో నాలుగు వేల మందికి పైగా ఎక్కుతారు. అంతమంది పడుకున్న పక్కల మీద దుప్పట్లు, తువ్వాళ్లు మార్చి, స్నానాల గదులు కడిగి, కొత్తవాళ్లకు సిద్ధం చేయడానికి వాళ్లకు దొరికేది నాలుగైదు గంటలు. పదిహేను ఇరవై గదులు ఒక్క కుర్రాడి మీద ఉంటాయి. మీరు నిదానంగా ఉన్న ప్రతి పావుగంటా అతను ఎక్కడో పరుగెత్తి పూడ్చుకోవాలి.

అయినా గది ఆలస్యంగా వదిలితే ఎక్కువ నష్టపోయేది అతను కాదు, మీరే. కారణం చెబుతాను. ఒక్కో గుంపుకు ఇచ్చిన నంబరు పిలిచి దిగమనే ప్రకటనలు చాలా ఓడల్లో క్యాబిన్ లోపల వినిపించవు. వరండాల్లో, మెట్ల దగ్గర, హాళ్లలో మాత్రమే మోగుతాయి. గదుల్లో పడుకున్నవారికి ఇబ్బంది కలగకూడదని అలా పెట్టారు. తలుపు మూసుకుని లోపల కూర్చుంటే మీ నంబరు పిలిచినా మీ చెవిన పడదు.

మూడేళ్ల కిందట సింగపూర్, పెనాంగ్ (మలేషియా), ఫుకెట్ (థాయ్‌లాండ్) తిరిగి వస్తున్న ఓడలో మా జట్టుతో ఉన్నాను. పలమనేరు దంపతులు ఒకరు మాతో సంబంధం లేకుండా, సొంతంగా టికెట్లు కొనుక్కుని అదే ఓడలో వచ్చారు. ఆయన రిటైరైన మాస్టారు. రెండో రోజు భోజనాల దగ్గర తెలుగు వినిపించి పలకరించుకున్నాం. చివరి ఉదయం తొమ్మిదిన్నర వేళ నేను థియేటర్‌లో మావాళ్ల తలలు లెక్కపెట్టుకుంటుంటే, ఆ దంపతుల వరుస గదులు చూసే కుర్రాడు వచ్చి నన్ను చేత్తో పిలిచాడు. మేము మాట్లాడుకోవడం అతను చూశాడట. పెద్దవాళ్లు కదా, బయటికి వెళ్లండని తన నోటితో చెప్పలేక నా కోసం వెతికాడు.

వెళ్లి చూస్తే మంచం మీద పక్కబట్టలన్నీ తీసేసి ఉన్నాయి. ఆ పక్కనే సోఫా మీద ఇద్దరూ ఆనుకుని కూర్చుని ఉన్నారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని జేబులో పెన్ను పెట్టుకున్నారు. అమ్మగారు పట్టుచీర కట్టుకుని సంచీని ఒళ్లో రెండు చేతులా పట్టుకున్నారు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో, చీర కుచ్చిళ్లు కూడా చెదరలేదు. "పిలుస్తారని కూర్చున్నాం నాయనా. ఎవరూ పిలవలేదు" అన్నారు మాస్టారు. బల్ల మీద నీళ్ల సీసా కింద ఓడవాళ్లు ఇచ్చిన కాగితం ఉంది. ఆయన చదవకుండా లేరు. నంబరు పిలిచేదాకా సౌకర్యంగా కూర్చోండి అన్న వాక్యం కింద పెన్నుతో గీత కూడా గీసుకున్నారు. సౌకర్యంగా అంటే గదిలోనే అనుకున్నారు. ఎనిమిదింటికల్లా గది ఖాళీ చేయాలన్న సంగతి కాగితం వెనకవైపు ఉంది.

వాళ్ల నంబరు 14. నేను తలుపు తీసినప్పుడు వరండాలో 31 పిలుస్తున్నారు.

పదకొండున్నరకు వాళ్ల చెన్నై విమానం. దిగి, ఇమిగ్రేషన్ దాటి, పెద్ద హాల్లో మిగిలిపోయిన వాళ్ల పెట్టె తీసుకుని టాక్సీ ఎక్కేసరికి విమానాశ్రయంలో కౌంటరు మూసే వేళ అయింది. విమానం వెళ్లిపోయింది. ఆ రాత్రికి ఇద్దరికీ కొత్త టికెట్లు కొనడానికి ఓడలో ఒకరి ప్రయాణానికి అయినంత ఖర్చయింది. డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అమ్మగారు పదేపదే "మేమేం తప్పు చేశాం?" అని అడగడం. ఆమె తప్పేమీ చేయలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి చివరి ఉదయం ఆరింటికే లేవండి. స్నానం, మందులు ముగించుకుని ఏడింటికల్లా టిఫిను తినండి, ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా అది కూడా మూసేస్తారు. తిన్నాక గదికి తిరిగి వెళ్లకుండా, ప్రకటన స్పష్టంగా వినిపించే చోటు, మరుగుదొడ్డికి దగ్గరగా, చూసుకుని కూర్చోండి. పెద్దవాళ్లుంటే ఈ చోటు ముందురోజు సాయంత్రమే చూసి పెట్టుకోండి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తర్వాత కంపార్టుమెంటు వదిలినట్టే ఇక్కడ నంబరు తర్వాత నంబరు వదులుతారు. సర్వదర్శనానికి వెళ్లి కంపార్టుమెంటులో కూర్చోకుండా, కాటేజీలో పడుకుని ఎవరో వచ్చి పిలవాలని మనం ఎదురుచూడం కదా.

ఒక చిన్న జాగ్రత్త. ఫుకెట్ గడియారం సింగపూర్ కంటే ఒక గంట వెనక ఉంటుంది. సముద్రం మీద సిగ్నల్ లేక ఫోను ఆ పాత సమయంలోనే ఆగిపోతే, ఆరింటికి పెట్టిన అలారం ఏడింటికి మోగుతుంది. చివరి రాత్రి మీ గడియారాన్ని ఓడ సమయంతో సరిచూసుకోండి.

అపోహ: ఓడ ఏడింటికి రేవు చేరుతుంది కాబట్టి తొమ్మిదిన్నరకు విమానమో రైలో పట్టుకోవచ్చు.

వాస్తవం: రేవు చేరడం వేరు, మీరు దిగడం వేరు. తాళ్లు కట్టాలి, అధికారులు అనుమతించాలి, సామాను కిందికి దించాలి, ఆ తర్వాతే నంబర్లు మొదలవుతాయి. పెట్టెలు తామే మోసుకునేవారిని ముందు వదులుతారు. ఏడింటికి చేరే ఓడ అయితే ఒంటి గంటకు ముందు విమానం కొనవద్దని నేను అందరికీ చెబుతాను. 2022లో చెన్నై నుంచి కార్డీలియా ఓడ మొదలయ్యాక మన జిల్లావాళ్లకు ఇంకో ధైర్యం వచ్చింది, చెన్నై పక్కనే కదా అని. తిరుపతికి 140 కిలోమీటర్ల దూరమే, నిజమే. అయినా రేవు గేటు దాటి సెంట్రల్ స్టేషను చేరేదాకా మీ సమయం మీ చేతిలో ఉండదు. సాయంత్రం గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకోండి, లేదంటే కారు మాట్లాడుకోండి.

అపోహ: ముందురాత్రి సామానంతా తలుపు బయట పెట్టేయాలి.

వాస్తవం: అంతా కాదు. అలిపిరిలో సామాను అప్పగించి కొండెక్కినవాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. కింద ఇచ్చిన సంచీ పైన కౌంటర్లో తప్ప మధ్యలో ఏ మెట్టు దగ్గరా దొరకదు. ఇక్కడా అంతే. ట్యాగ్ కట్టి రాత్రి పది పదకొండు లోపు బయట పెట్టిన పెట్టె మళ్లీ టెర్మినల్‌లోనే మీ కంటికి కనిపిస్తుంది. మందులు, ఇన్సులిన్, పాస్‌పోర్టు, కళ్లజోడు, మర్నాటి బట్టలు చేతి సంచీలో ఉండాలి. నా మొదటి ప్రయాణంలో మా అమ్మ బీపీ మాత్రలు పెట్టెతో పాటు నేనే బయట పెట్టేశాను. ఉదయం ఐదున్నరకు ఆమె మాత్ర అడిగినప్పుడు నా గుండె జారిపోయింది. ఓడ డాక్టరు దగ్గరకు పరుగెత్తాను. ఆ ఉదయం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అలాగే కట్టుకోవడానికి చీర మిగుల్చుకోక, నైటీ మీద శాలువా కప్పుకుని ఓడ దిగిన ఒక అమ్మను చూశాను. ఓడ దిగే వంతెన (గ్యాంగ్‌వే) మీద ఆమె తల ఎత్తలేదు. దయచేసి మీ ఇంటి ఆడవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి.

ఇక వాట్సాప్‌లో తిరిగే పుకార్లు. ఎనిమిది దాటితే తాళం పడిపోయి లోపలే ఇరుక్కుపోతారని ఒకటి. ఇది పచ్చి అబద్ధం, క్యాబిన్ తలుపు లోపలి నుంచి ఎప్పుడైనా తెరుచుకుంటుంది. ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె వేస్తారని మరొకటి. నేను తీసుకెళ్లిన ఏ ఓడలోనూ అలా వేయడం చూడలేదు. టిప్పు ఇవ్వకపోతే సామాను ఆపేస్తారని ఇంకొకటి. చాలా కంపెనీలు ఆ సొమ్మును రోజుకింతని మీ ఖాతాలోనే రాసేస్తాయి, దానికీ సామానుకూ ఏ సంబంధమూ లేదు. ఇలాంటివి పంపేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. మొదటిసారి ఓడ ఎక్కే డెబ్బై ఏళ్ల మనిషి ఇది చదివి రాత్రంతా నిద్రపోకుండా కూర్చుంటాడు.

చక్రాల కుర్చీ కావాలంటే చాలా ఓడల్లో క్యాబిన్‌కు రారు, ఫలానా హాల్లో ఫలానా సమయానికి ఉండమంటారు. ముందురోజే రిసెప్షన్‌లో పేరు రాయించుకోండి. గది వదిలే ముందు లాకరు తెరిచి, లోపలికి చెయ్యి పెట్టి తడిమి చూడండి, కంటితో చూస్తే చాలదు. గొలుసులు వెనక అంచున పడి ఉంటాయి. లైట్ల కోసం గోడకు గుచ్చిన కార్డు మరిచిపోకండి. గ్యాంగ్‌వే దగ్గర ఆ కార్డు చూపిస్తేనే మీరు దిగినట్టు ఓడవాళ్ల లెక్కలో పడుతుంది.

దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపించడం మామూలే. ఇంటికి చేరిన రాత్రి మంచం కదులుతోందని భయపడి నాకు ఫోను చేసేవారుంటారు. అలల మీద అలవాటుపడిన ఒళ్లు మళ్లీ నేలకు అలవాటు పడడానికి ఆ మాత్రం సమయం తీసుకుంటుంది. నీళ్లు బాగా తాగి పడుకోండి. మూడు నాలుగు రోజులైనా తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించండి.