నిఘంటువులోని ఉచ్చారణ ఎవరిది?

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడులన్నింటా ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టాక, దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లలోనూ పిల్లలు నిఘంటువు తెరిచి చూసుకోవలసిన అవసరం పెరిగింది. అందులో మాట పక్కన ఉచ్చారణ తెలిపే ధ్వని గుర్తులుంటాయి. ‘కార్’ అన్న మాటకు బ్రిటిష్ ఉచ్చారణలో చివరి రకారానికి గుర్తు ఉండదు, అమెరికన్ ఉచ్చారణలో ఉంటుంది. పిల్లవాడు మాత్రం ఊళ్లో విన్నట్టే రకారాన్ని నిండుగా పలికి ‘కారు’ అంటాడు. అది తప్పని దిద్దే ముందు ఈ గుర్తుల పుట్టుకను తెలుసుకోవాలి.

1886లో పారిస్‌లో పాల్ పాసీ, మరికొందరు భాషా ఉపాధ్యాయులు కలిసి ఏర్పరచుకున్న సంఘమే తరువాత అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘమైంది. ఒక ధ్వనికి ఒకే గుర్తు అన్న సూత్రంతో వారి వర్ణమాల 1888లో వెలువడింది. పలికినట్టే రాసుకునే మనకు ఇది అనవసరమనిపించవచ్చు గాని, ‘బ్యాంకు’లోని అచ్చుకు మనకూ అక్షరం లేక యకారాన్ని అరువు తెచ్చుకున్నాం, ‘చాప’, ‘చెట్టు’ మాటల్లోని రెండు చకారాల తేడా చూపడానికి మన నిఘంటుకారులు ‘ౘ’ అనే ప్రత్యేక రూపాన్ని వాడారు.

ఆ గుర్తులతో బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్ 1917లో ఆంగ్ల ఉచ్చారణ నిఘంటువును ప్రచురించారు. అందులో ఆయన నమోదు చేసింది ఇంగ్లండ్ ప్రజలందరి మాటను కాదు. పెద్ద వసతి పాఠశాలల్లో చదువుకున్న మగవారున్న దక్షిణ ఇంగ్లండ్ కుటుంబాల మాటను. ఆ సంగతిని ఆయన దాచలేదు. ఒక వర్గపు మాటకు వేసిన ఆ గుర్తులే తరగతి గదికి చేరేసరికి తప్పొప్పుల కొలతగా మారడమే నాకు బాధ కలిగించే విషయం.

మరోవైపు అక్కడి మాండలికాల నమోదు అంతకు ముందే మొదలైంది. అలెగ్జాండర్ ఎల్లిస్ తాను కల్పించుకున్న లిపిలో పల్లె మాటలను సేకరించి 1889లో ప్రచురించారు. 1950 నుంచి 1961 వరకు హెరాల్డ్ ఆర్టన్ నాయకత్వంలోని పరిశోధకులు 313 చోట్లకు వెళ్లి, ముఖ్యంగా వృద్ధులైన పల్లెవాసుల పలుకును ధ్వని గుర్తుల్లో రాసుకున్నారు. ఉత్తర ఇంగ్లండ్‌లో ‘బస్’ అన్న మాటను ఉకారంతో ‘బుస్’కు దగ్గరగా పలుకుతారు, స్కాట్లండ్‌లో, నైరుతి ఇంగ్లండ్ పల్లెల్లో ‘కార్’ చివరి రకారం వినిపిస్తుంది. మన పాలమూరు పిల్లవాడి రకారానికి అక్కడే తోడున్నది.

రకారం సంగతి అలా ఉంచితే, 1958లో హైదరాబాద్‌లో ఏర్పడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ తరఫున పరిశోధకుడు బన్సల్ 1969లో ప్రచురించిన పరిశోధన, భారతీయుల ఆంగ్లం ఇతరులకు అర్థం కాకపోవడానికి పదంలో ఊనిక, అంటే ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, తప్పడం ఒక ముఖ్య కారణమని చూపింది. ఆ ఊనికను చాలా నిఘంటువులు అక్షరానికి ముందు, పైభాగాన, చిన్న నిలువు గీతతో చూపుతాయి. ‘రికార్డ్’ నామవాచకమైతే గీత మొదటి అక్షరానికి ముందు, క్రియ అయితే రెండో అక్షరానికి ముందు ఉంటుంది. ఈ మాట ఊనికలో బ్రిటిష్ ఉచ్చారణకూ అమెరికన్ ఉచ్చారణకూ తేడా లేదు.