కంటి ఒత్తిడి 21: ఆ గీత ఎవరు గీశారు?

కంటి విభాగంలో కొత్తగా చేరిన డాక్టర్లు రాసే కేసు షీట్లలో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: “కంటి ఒత్తిడి 18, గ్లకోమా లేదు.” గ్లకోమా అంటే నీటికాసులు, కంటి నరం దెబ్బతిని చూపు పోయే జబ్బు. ఒత్తిడి 18 అన్నది కొలిచి రాసిన మాట. గ్లకోమా లేదన్నది ఆ కొలత చెప్పగలిగిన మాట కాదు. అయినా ఈ రెండూ ఇంత సులువుగా ఎందుకు అతుక్కుంటాయి? 21 మిల్లీమీటర్ల పాదరసం (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) లోపు ఉంటే క్షేమం, దాటితే నీటికాసులు అన్న లెక్క మన మనసుల్లో నాటుకుపోయింది కాబట్టి. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే దానికి ఎంత విలువ ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

పరికరాలు లేని రోజుల్లో కంటి గట్టిదనాన్ని రెప్ప మీద వేళ్లు ఆనించి అంచనా వేసేవారు. రాయిలా గట్టిపడిన కన్ను చూపు పోగొట్టుకుంటుందని వైద్యులు గమనించారు గానీ, లోపల ఏం పాడవుతోందో చూసే దారి లేదు. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోపును లోకానికి పరిచయం చేయడంతో ఆ దారి తెరుచుకుంది. గ్లకోమా కంట్లోని ఆప్టిక్ డిస్క్‌ను, అంటే కంటి నరం బయలుదేరే చోటును, తొలిసారి చూసిన కంటి వైద్యులు యేగర్, ఫాన్ గ్రేఫె ఇద్దరూ అది ముందుకు ఉబ్బిందనుకున్నారు. ఒక కంటితో చూసినప్పుడు లోతు తెలియదు; గుంట గుట్టలా భ్రమింపజేసింది. కొద్దికాలంలోనే గ్రేఫె తన పొరపాటు దిద్దుకున్నారు. 1856లో హెయిన్రిష్ ముల్లర్ కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించి అది గుంటేనని నిర్ధారించారు. ఒక కంటితోనే చూసే డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోపు వాడేటప్పుడు ఈ సంగతి ఈనాటికీ గుర్తుంచుకోవాలి. డిస్క్ రంగును బట్టి కప్‌ను (ఆ గుంటను) కొలిస్తే మోసపోతాం. రక్తనాళం ఎక్కడ వంగి లోపలికి దిగుతోందో వెతకాలి.

1857లో గ్రేఫె ఐరిస్‌లో (కనుపాప చుట్టూ ఉండే రంగు పొరలో) కొంత భాగాన్ని తొలగించి తీవ్రమైన గ్లకోమాను శాంతపరచవచ్చని ప్రకటించారు. అంతవరకు చికిత్సే లేదనుకున్న జబ్బుకు దొరికిన తొలి నిజమైన మందు ఆ శస్త్రచికిత్సే. ఒత్తిడే అసలు దోషి అన్న అభిప్రాయం దానితో బలపడింది. డిస్క్‌లో గుంట ఉండి, కన్ను మాత్రం గట్టిపడని రోగులను కూడా ఆయన అదే కాలంలో వర్ణించారు. వాళ్లను ఏ జబ్బు కింద చేర్చాలన్న ప్రశ్న మాత్రం చాలా ఏళ్లు తేలలేదు.

1905లో నార్వే వైద్యుడు షియోట్స్ తయారుచేసిన టోనోమీటర్ ఒత్తిడిని అంకెగా మార్చింది. తెలిసిన బరువుతో ఒక సన్నటి కడ్డీని కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద ఆనిస్తే అది ఎంత లోతుకు దిగిందో చూసి పట్టిక ద్వారా ఒత్తిడిని లెక్కగట్టేవారు. అంకె చేతికి వచ్చాక హద్దు ఎక్కడన్న ప్రశ్న రాక తప్పదు. దానికి జవాబు 1950ల చివర్లో జర్మనీలో లైడ్‌హెకర్ బృందం నుంచి వచ్చింది. కంటి జబ్బు లేదనుకున్న సుమారు 10,000 మందిని షియోట్స్ పరికరంతో కొలిస్తే సగటు 15.5 దగ్గర, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 2.6 దగ్గర తేలాయి. సగటుకు రెండు విచలనాలు కలిపితే 20.5 దాటుతుంది. మనం కంఠస్థం చేసిన 21 అదే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ గీత ఏ ఒత్తిడి దగ్గర నరం దెబ్బతింటుందో చూసి గీసింది కాదు, జనంలో ఎక్కువమంది ఎక్కడ ఉన్నారో చూసి గీసింది. ఎత్తుకు ఇలాగే గీత గీస్తే దానికి పైనున్న వాళ్లందరూ రోగులు కారు కదా! పైగా కంటి ఒత్తిళ్ల పంపిణీ గంట ఆకారంలో సమంగా ఉండదు. ఎక్కువ అంకెల వైపు, ముఖ్యంగా వయసు మళ్లిన వారిలో, తోక సాగి ఉంటుంది. కాబట్టి రెండు విచలనాల సూత్రం అక్కడ సరిగా అతకదు.

సమాజంలోకి వెళ్లి సర్వేలు చేసినప్పుడు ఈ లోపం బయటపడింది. 1966లో వెలువడిన వేల్స్‌లోని ఫెర్న్‌డేల్ సర్వేలో 21 దాటినవారు చాలామందే ఉన్నా, వారిలో చూపు పరిధి దెబ్బతిన్నవారు కొద్దిమందే. 1991లో అమెరికాలోని బాల్టిమోర్ సర్వే రెండో వైపు చూపించింది: గ్లకోమా ఉన్నవారిలో సగానికి పైగా ఆ ఒక్క పరీక్షలో 22 లోపే ఉన్నారు. జపాన్‌లోని తజిమిలో జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో ఓపెన్ యాంగిల్ గ్లకోమా (కంట్లోని ద్రవం బయటికి పోయే మూల, అంటే యాంగిల్, తెరిచే ఉండే రకం) ఉన్నవారిలో 92 శాతం మంది ఒత్తిడి 21కి మించలేదు. ఒత్తిడి మాత్రమే చూసి పంపించే శిబిరంలో వీళ్లందరూ ఆరోగ్యవంతులుగా ఇంటికి వెళ్లిపోతారు. పోయిన చూపు తిరిగి రాని జబ్బులో అది ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

కొలతలోనే ఇంకో మెలిక ఉంది. 1950ల్లో గోల్డ్‌మన్ రూపొందించిన అప్లనేషన్ టోనోమీటర్ కార్నియాలో 3.06 మిల్లీమీటర్ల వ్యాసం మేర చదును చేయడానికి ఎంత బలం కావాలో కొలుస్తుంది. కార్నియా మందం దాదాపు 520 మైక్రాన్లన్న ఊహ మీద ఆ లెక్క నడుస్తుంది. మందం ఎక్కువైతే అంకె పెరిగి కనిపిస్తుంది, పలుచనైతే తగ్గి కనిపిస్తుంది. కళ్లద్దాలు వద్దని లేజర్‌తో కార్నియా చెక్కించుకున్న వ్యక్తిలో 15 కనిపిస్తే అది నిజంగా 15 కాకపోవచ్చు. ఆ విషయం రోగి తనంతట చెప్పడు, మనమే అడగాలి.

2002లో ఆక్యులర్ హైపర్‌టెన్షన్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఒత్తిడి 24 నుంచి 32 వరకు ఉండి, నరం బాగున్న 1,636 మందిని అందులో గమనించారు. చుక్కల మందు వాడని వారిలో అయిదేళ్లలో 9.5 శాతానికి, వాడిన వారిలో 4.4 శాతానికి గ్లకోమా వచ్చింది. మందు పని చేస్తుందని తేలింది. మందు లేకున్నా పది మందిలో తొమ్మిది మందికి ఆ గడువులో జబ్బు రాలేదనీ తేలింది. కార్నియా పలుచగా ఉన్నవారికి ముప్పు ఎక్కువన్నది ఈ అధ్యయనం నుంచే బలంగా వినిపించింది.

అయితే ఒత్తిడిని పక్కన పెట్టేయవచ్చా? ముమ్మాటికీ వద్దు. మామూలు ఒత్తిడి ఉన్న గ్లకోమాలో కూడా దాన్ని మరో 30 శాతం తగ్గిస్తే జబ్బు ముదిరే వేగం తగ్గుతుందని 1998లో ఒక పెద్ద అధ్యయనం చూపించింది. ఈనాటికీ మన చేతిలో ఉన్న చికిత్స ఒత్తిడిని తగ్గించడమే. ఇక యాంగిల్ ఒక్కసారిగా మూసుకుపోయిన రోగి ఎర్రబడ్డ కన్ను, తలనొప్పి, వాంతులతో అత్యవసర విభాగానికి వచ్చినప్పుడు ఒత్తిడి 50 దాటి ఉండవచ్చు. కడుపు జబ్బని పొరబడి గంటలు పోగొట్టకుండా ఆ అంకే కాపాడుతుంది.

ఒత్తిడి రోజంతా ఒకేలా ఉండదు. గ్లకోమా ఉన్న కళ్లలో ఈ హెచ్చుతగ్గులు మరీ ఎక్కువ. అందుకే కేసు షీట్‌లో 18 పక్కన ఏ పరికరంతో, ఏ సమయంలో కొలిచారో, కార్నియా మందం ఎంతో రాయండి. గోనియోస్కోపీలో, అంటే యాంగిల్‌ను ప్రత్యేక లెన్సుతో చూసే పరీక్షలో, అది ఎలా ఉందో చేర్చండి. కింద రెండు కళ్ల డిస్క్‌ల బొమ్మలు పెన్సిల్‌తో గీయండి: కప్ ఎంత, అంచు ఎక్కడ సన్నబడింది, రక్తపు చార ఉందా. మూడేళ్ల తర్వాత ఆ రోగిని చూసే డాక్టరు పోల్చుకునేది ఆ బొమ్మతోనే.