పదకొండు అలారాల్లో పది తప్పే

ఏఐతో నడిచే ఆయుధాల గురించి మాట్లాడుకుంటుంటే "ఏఐ ఏం చెప్పినా చివరికి బటన్ నొక్కేది మనిషే కదండీ, ఇక భయమెందుకు?" అని ఒకాయన అడిగారు. జవాబు ఏఐలో కాదు, హైస్కూలు లెక్కల్లో ఉంది.

ఆకాశంలో 1001 వస్తువులున్నాయనుకోండి. ఒక్కటే శత్రు క్షిపణి, మిగతా వెయ్యీ మనవే. శత్రువునైనా మిత్రుణ్నైనా నూటికి 99 సార్లు సరిగ్గా పోల్చుకునే యంత్రం మన దగ్గరుంది. ఆ ఒక్క క్షిపణినీ దాదాపు ఖాయంగా పట్టేస్తుంది, కానీ వెయ్యిలో ఒక శాతం, అంటే మనవి పదింటిని కూడా శత్రువులే అంటుంది. మొత్తం 11 అలారాలు, పది తప్పు! సరే, 99.9 శాతానికి పెంచుదాం. రెండు అలారాలు, ఒకటి తప్పు, బొమ్మా బొరుసూ ఆటే. అదే శత్రువులు 500, మనవి 500 ఉంటే? పాత 99 శాతం యంత్రమే 500 అలారాలు మోగించి ఐదింట్లోనే తప్పుతుంది. యంత్రం అదే, ఆకాశం మారిందంతే. సంభావ్యత పాఠంలో పాచికలూ రంగు బంతులూ దాటి ఈ ముక్క ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

2003 ఇరాక్ యుద్ధంలో ఇరాక్ యుద్ధవిమానాలు గాల్లోకి లేవనే లేదు, ఎగిరేవి దాదాపు అన్నీ అమెరికా, దాని మిత్రదేశాలవే. మార్చి 23న పేట్రియట్ అనే అమెరికా గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థ బ్రిటన్ టోర్నడో యుద్ధవిమానాన్ని చూసి, రాడార్ల మీదికి వచ్చే క్షిపణి అనుకుంది. నువ్వెవరని అడిగే సిగ్నల్‌కి విమానం నుంచి జవాబు రాలేదు. బటన్ దగ్గర మనుషులే ఉన్నారు, వాళ్లకి దొరికింది సుమారు ఒక నిమిషం. పేల్చారు, ఇద్దరు చనిపోయారు. పది రోజులకే ఏప్రిల్ 2న అమెరికా పేట్రియట్ అమెరికా ఎఫ్/ఎ-18 యుద్ధవిమానాన్నే కూల్చేసింది.

1983 సెప్టెంబర్ 26న ఐదు అమెరికా క్షిపణులు వస్తున్నాయని సోవియట్ ఉపగ్రహ హెచ్చరిక వ్యవస్థ చెబితే సోవియట్ అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ నమ్మలేదు. యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదంటే ఐదే వేస్తాడా అని ఆయన అనుమానం, పైగా నేలమీది రాడార్లలో ఏమీ లేదు. మేఘాల మీద మెరిసిన ఎండని చూసి యంత్రం బెదిరిందని తర్వాత తేలింది. పెట్రోవ్ యంత్రం కన్నా తెలివైనవాడని కాదు, యంత్రం చెప్పినదాన్ని సరిచూసుకోవడానికి ఆయన దగ్గర వేరే ఆధారం ఉంది.

2023 డిసెంబర్‌లో మనిషి ప్రమేయం లేకుండానే లక్ష్యాన్ని ఎంచుకుని దాడి చేయగల ఆయుధాల మీద ఐక్యరాజ్యసమితి తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, వ్యతిరేకించిన నాలుగింట్లో రష్యా, భారత్ ఉన్నాయి. 2026 కల్లా వీటి మీద ఒప్పందం కుదరాలని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి 2023లోనే అడిగారు. అలాంటి ఒప్పందంలో "మనిషి నియంత్రణ" అని ఉత్తినే రాస్తే టోర్నడోని కూల్చిన వాళ్లు కూడా పాస్ అయిపోతారు. ఆ మాట పక్కనే రెండు అంకెలు రాయమంటాను: ఆ మనిషికి ఎన్ని సెకన్లు, ఎదురుగా ఉన్న తెర కాక ఇంకెన్ని ఆధారాలు.