వాడని పెన్షన్ కోటా: ఏటా మార్చిలో నేను వినే అపోహలు

ఏటా ఉగాది దగ్గర పడేసరికి నా ఫోన్ మోగడం మొదలవుతుంది. బ్రిటన్‌లో పన్ను ఏడాది ఏప్రిల్ 5తో ముగుస్తుంది కదా. మార్చి జీతంలో బోనస్ పడ్డ ఐటీ వాళ్లు, అదనపు షిఫ్టులు చేసిన డాక్టర్లు అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, పెన్షన్‌లో ఇంకా ఎంత వేయొచ్చు?" ఇక్కడ మనవాళ్ల పన్ను లెక్కలు చూడటమే నా పని కాబట్టి విసుక్కోను. కానీ ఆ ప్రశ్నతో పాటు ప్రతిసారీ అవే అపోహలు వస్తాయి.

అపోహ: "ఏడాదికి 60 వేల పౌండ్లే. దాటితే జరిమానా."

పన్ను రాయితీతో పెన్షన్‌లో వేసుకోవడానికి 60 వేలు ఆ ఒక్క ఏడాది కోటా, దాన్నే యాన్యువల్ అలవెన్స్ అంటారు. 2023 ఏప్రిల్‌కు ముందు అది 40 వేలు. గడిచిన 3 పన్ను ఏడాదుల్లో వాడకుండా మిగిలిన కోటాను కూడా ముందుకు తెచ్చుకోవచ్చు. ఇదే క్యారీ ఫార్వర్డ్. అయితే వరస ఉంది. ముందు ఈ ఏడాది కోటా మొత్తం వాడాలి, ఆ తర్వాతే పాతవాటి జోలికి వెళ్లాలి. వాటిలోనూ అన్నిటికన్నా పాత ఏడాదే ముందు.

ఒకాయన లెక్క చూపిస్తాను. 2025-26 మొదలయ్యేనాటికి ఆయనకు 2022-23లో 30 వేలు, 2023-24లో 48 వేలు, 2024-25లో 45 వేలు మిగిలి ఉన్నాయి. ఆ ఏడాది 60 వేలు కలిపితే లక్షా 83 వేలు. ఆయన 80 వేలు వేస్తే 60 వేలు ఆ ఏడాది కోటాలోంచి, 20 వేలు 2022-23లోంచి పోతాయి. 2022-23లో ఇంకా మిగిలిన 10 వేలు? ఏప్రిల్ 5 దాటితే గాలికే. మిగతా 93 వేలు మాత్రం భద్రం.

దాటితే పడేది జరిమానా కూడా కాదు. దాటిన మొత్తాన్ని మన ఆదాయం మీద చేర్చి మన పన్ను రేటు వేస్తారు. అంటే ఇచ్చిన రాయితీని తిరిగి లాక్కుంటారు.

అపోహ: "అప్పట్లో నా జీతం 30 వేలే. 40 వేల కోటా నాకెక్కడిది?"

పాత ఏడాదుల జీతంతో పనిలేదు. ఆ ఏడాది మీరు బ్రిటన్‌లో రిజిస్టరైన ఏదో ఒక పెన్షన్ స్కీములో సభ్యులై ఉన్నారా అన్నదే చూస్తారు. ఆ ఏడాది ఒక్క పౌండు వేయకపోయినా, పాత కంపెనీలో వదిలేసిన చిన్న పెన్షన్ ఉన్నా సరిపోతుంది. మన ఈపీఎఫ్, పీపీఎఫ్ మాత్రం ఇందులోకి రావు. 2024 వేసవిలో హైదరాబాద్ నుంచి ఇక్కడి ఉద్యోగానికి వచ్చినవాళ్లకు అంతకు ముందు ఏడాదుల కోటా లేనట్టే.

ఇంకో బాధాకరమైన సంగతి. వీసా ఖర్చులు, అద్దె డిపాజిట్ చూసుకుని, "రెండేళ్లలో వెళ్లిపోతాం కదా" అని చేరిన నెలలోపే పెన్షన్ వద్దని తప్పుకున్నవాళ్లు (ఆప్ట్ అవుట్) మనలో బోలెడంత మంది. అలా చేస్తే అసలు సభ్యులే కానట్టు లెక్క. ఇప్పుడు పదేళ్లయినా ఇక్కడే ఉన్నారు, ఆ తొలి ఏళ్ల కోటా మాత్రం పుట్టనే లేదు.

అపోహ: "కోటా ఉంది కాబట్టి ఎంతైనా వేసేయొచ్చు."

కోటా వేరు, సంపాదన వేరు. మనం సొంతంగా వేసే సొమ్ము మీద పన్ను రాయితీ ఈ ఏడాది మన సంపాదన దాకే. సంపాదనంటే జీతం, వ్యాపార లాభం. ఇంటి అద్దె, డివిడెండ్లు లెక్కలోకి రావు. సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టి 12,570 జీతం, మిగతాది డివిడెండ్‌గా తీసుకునే కాంట్రాక్టర్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు. సొంత ఖాతాలోంచి వేస్తే 12,570 దగ్గరే ఆగాలి. అదే కంపెనీ ఖాతాలోంచి యజమాని వాటాగా వేస్తే జీతంతో ముడి లేదు. మిగిలిన కోటా మొత్తం వాడుకోవచ్చు. ఆ సొమ్ము వ్యాపారం కోసమే ఇచ్చినట్టు ఉంటే కార్పొరేషన్ ట్యాక్స్‌లో ఖర్చుగానూ చూపొచ్చు.

అపోహ: "పేస్లిప్‌లో కోసిందే నేను వాడిన కోటా."

డాక్టర్లూ, ఇది మీ కోసం. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పెన్షన్‌లో మీ జీతంలోంచి ఎంత కోశారన్నది కోటా లెక్కకు పనికిరాదు. ఆ ఏడాదిలో మీ పెన్షన్ ఎంత పెరిగిందో దాన్ని 16తో హెచ్చిస్తారు. పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే జీతం లక్షా 20 వేలు అనుకోండి. 12.5 శాతం చొప్పున కోత 15 వేలు. కానీ 2015 స్కీములో ఆ ఏడాదికి జమయ్యే పెన్షన్ జీతంలో 54వ వంతు, అంటే 2,222 పౌండ్లు. దాన్ని 16తో హెచ్చిస్తే 35 వేల 500 పైనే. పాత పెన్షన్ ద్రవ్యోల్బణం కంటే ఎక్కువగా పెరిగితే అదీ తోడవుతుంది. ఒక డాక్టరమ్మ పేస్లిప్ చూసుకుని ఇంకా 45 వేల ఖాళీ ఉందనుకుంది. నిజానికి 20 వేలు కూడా లేదు. పాత ఏళ్లలోనూ అదే పొరపాటు, కాబట్టి నాలుగేళ్ల లెక్కా మొదటి నుంచి తిరగేశాం. స్కీము వాళ్లిచ్చే పెన్షన్ సేవింగ్స్ స్టేట్‌మెంట్ లేకుండా నేను ఒక్క అంకె కూడా చెప్పను. ఆ స్కీములో కోటా దాటితేనే వాళ్లంతట వాళ్లు పంపుతారు, దాటకపోతే మనమే అడిగి తెప్పించుకోవాలి.

ఇలాంటిదే ఇంకోటి. ఒక తమ్ముడు సిప్ (SIPP, మనమే నడుపుకునే సొంత పెన్షన్) ఖాతాలో సరిగ్గా 60 వేలు వేసి "కోటా పూర్తి చేశానన్నా" అని మెసేజ్ పెట్టాడు. ఆ ఖాతాకు ప్రభుత్వం మన 80కి 20 కలిపి 100 చేస్తుంది. అంటే అతని 60 వేలు 75 వేలైంది. కోటా లెక్కకు ఆ 75 వేలే. పాత ఏడాదిలో ఖాళీ ఉండబట్టి గట్టెక్కాడు.

అపోహ: "3 లక్షలు దాటితే క్యారీ ఫార్వర్డ్ ఉండదు."

ఉంటుంది. తగ్గేది ఆ ఏడాది కోటా మాత్రమే. కంపెనీ వేసే పెన్షన్‌తో కలిపిన ఆదాయం 2 లక్షల 60 వేలు దాటితే, పైన ప్రతి 2 పౌండ్లకు 1 పౌండు కోటా కరుగుతుంది. 3 లక్షల 60 వేల దగ్గర 10 వేలకు చేరి ఆగుతుంది. అలా కుదించిన కోటాలో మిగిలినదాన్ని కూడా ముందుకు తీసుకెళ్లొచ్చు.

ఇందులో చాలామంది చూడని మెలిక ఉంది. కంపెనీ పెన్షన్ కలపకుండా, మనం సొంతంగా వేసింది తీసేశాక ఆదాయం 2 లక్షలు దాటకపోతే ఈ కోతే వర్తించదు. జీతం 2 లక్షల 15 వేలు, కంపెనీ వేసేది 50 వేలు అనుకుందాం. మొత్తం 2 లక్షల 65 వేలు, కాబట్టి కోటా 2,500 తగ్గాలి. ఆయన సొంతంగా, రాయితీతో కలిపి 15 వేలు వేస్తే 2 లక్షల గీత దాటడు, 60 వేల కోటా చెక్కుచెదరదు. వాడింది మొత్తం 65 వేలు. ఆ పై 5 వేలకు క్యారీ ఫార్వర్డ్ ఉండనే ఉంది. కొత్తగా పెట్టుకున్న శాలరీ శాక్రిఫైస్‌తో (జీతంలో కొంత వదులుకుని దాన్ని కంపెనీ చేతే పెన్షన్‌లో వేయించుకోవడం) మాత్రం ఈ పని జరగదు, దాన్ని తిరిగి ఆదాయంలో కలిపేస్తారు.

అపోహ: "హెచ్ఎంఆర్‌సీకి ముందుగా అప్లై చేయాలి." హెచ్ఎంఆర్‌సీ అంటే ఇక్కడి పన్ను శాఖ. అక్కర్లేదు. లెక్క కాగితాలు దాచుకోండి చాలు. పెన్షన్‌లోంచి ఇప్పటికే ఫ్లెక్సిబుల్‌గా (కావాల్సినప్పుడు కావాల్సినంత) ఆదాయం తీసుకోవడం మొదలెట్టినవాళ్లకు మాత్రం సిప్ లాంటి ఖాతాల్లో ఏడాదికి పరిమితి 10 వేలే, పాత కోటా వాడటం కుదరదు.

అపోహ: "ఎంత ఎక్కువ వేస్తే అంత లాభం."

దీంతో నేను ఏకీభవించను. ఇంగ్లండులో లక్షా 60 వేలు సంపాదించే వ్యక్తి 60 వేలు వేస్తే, పైనున్న 34,860 మీద 45 శాతం, తర్వాతి 25,140 మీద 60 శాతం మిగులుతుంది. ఎందుకంటే లక్ష దాటితే పన్నులేని 12,570 కూడా కరిగిపోతుంది. మొత్తం 30,771 ఆదా, చేతి నుంచి పోయేది 29,229. ఇంట్లో చిన్నపిల్లలుంటే లక్ష దిగడం వల్ల 30 గంటల ఉచిత నర్సరీ కూడా నిలుస్తుంది. ఆ తర్వాత వేసే ప్రతి పౌండుకు 40 శాతమే, 50,270 కిందకి దిగితే 20 శాతమే. అక్కడిదాకా పాత కోటా అరగదీయడం నాకు నచ్చదు.

పైగా ఆ డబ్బు 55 ఏళ్లదాకా ముట్టుకోలేం, 2028 ఏప్రిల్ 6 నుంచి 57. వచ్చే ఏడాది ఊళ్లో స్థలం కొనాలనో చెల్లి పెళ్లనో ఉంటే ముందే చెప్పండి, ఆ మొత్తం పక్కన పెట్టి లెక్క చేస్తాను.

చివరి రోజుదాకా మాత్రం ఆగొద్దు. సొమ్ము ఏప్రిల్ 5 లోపు పెన్షన్ కంపెనీకి చేరాలి, మనం పంపామంటే సరిపోదు. 2026 ఏప్రిల్ 5 ఈస్టర్ ఆదివారం, దాని ముందు శుక్రవారం బ్యాంకు సెలవు. అలాంటి ఏడాది మార్చి మూడో వారానికే నేను లెక్క తేల్చేస్తాను.