ఆవు తిరగపొర్లడం వెనుక అండాశయంలోని నీరు

విజయనగరం పల్లెల్లో ఈనిన మూడో నెలలో సంకరజాతి ఆవుకు చూలు కోసం వీర్యం సూది వేయిస్తారు. 21వ రోజున అది మళ్లీ ఎదకొస్తే, అంటే తిరగపొర్లితే, తప్పంతా సూది వేసిన మనిషిమీదో, వీర్యంమీదో పడుతుంది. నిజానికి పిండం ఏర్పడి, వారం పది రోజుల్లో చచ్చిపోయి ఉండొచ్చు. దాదాపు 16వ రోజుకి పిండం ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీన్ విడుదల చేసి తన ఉనికిని తల్లికి తెలపాలి. అంతకుముందే పోతే ఎద లెక్క తప్పదు, రైతుకి తేడా తెలియదు.

1672లో డచ్ వైద్యుడు రెనియర్ డి గ్రాఫ్ అండాశయంమీది నీటి బుడగలనే గుడ్లనుకున్నాడు. అసలు అండాన్ని 1827లో ఫాన్ బేర్ అనే శాస్త్రవేత్త కుక్క అండాశయంలో, బుడగ లోపల చూశాడు. 1935లో పింకస్, ఎంజ్‌మన్ అనే శాస్త్రవేత్తలు కుందేలు అండాన్ని బయటకు తీయగానే అది తనంతట తానే పక్వానికి కదిలింది. దాన్ని ఆపి ఉంచేది ఆ బుడగేనని అలా తెలిసింది.

ఆ నీరు చాలావరకు రక్తం నుంచి ఊరేదే. అండం చుట్టూ ఉండే కణాల పొరలోకి రక్తనాళాలు రావు కాబట్టి తల్లి రక్తంలో ఏముందో ఈ నీటి ద్వారానే అండానికి అందుతుంది. ఈనిన ఆవు పాలకు సరిపడా తినలేక ఒంటి కొవ్వు కరిగిస్తుంది, ఆ కొవ్వు ఆమ్లాలు బుడగలోకీ చేరతాయి. బుడగ ఎదగడానికి నెలలు పడుతుంది కనుక ఆ కరువు వారాల దెబ్బ రెండు మూడు నెలల తర్వాతి ఎదలో బయటపడుతుందని 1992లో బ్రిట్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. 2005లో లెరాయ్ పరిశోధక బృందం బుడగ నీటిలో కనిపించే మోతాదుల్లో కొవ్వు ఆమ్లాలు కలిపి అండాలను పక్వం చేస్తే పిండాలు సరిగా ఎదగలేదు. 8–16 కణాల దశ దాకా పిండం ఎక్కువగా అండం దాచిన సరుకుమీదే బతుకుతుంది, అందుకే ఆ దెబ్బ తర్వాత సర్దుకోదు. మాయ నిలిచి గర్భాశయం చీము పట్టినా, సూక్ష్మజీవుల విషం ఇదే నీటిలోకి దిగుతుంది.

వరిగడ్డి, తవుడుతో సరిపెడితే కుదరదు. ఒంటి పోషణకు కిలోన్నర దాణా, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు మరో కిలో, రోజుకి 50 గ్రాముల ఖనిజ మిశ్రమం కావాలి. రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. ఒక్కసారే పోస్తే కడుపులో పులుపెక్కి ఉన్న మేతా మానేస్తుంది. వట్టిపోయిన రోజుల్లో మరీ కొవ్వెక్కించడమూ తప్పే, అలాంటి ఆవు ఈనాక ఇంకా తక్కువ తింటుంది.

ఈనిన రోజున తోక మొదలు పక్కన చేత్తో తడమాలి, నెలకి మళ్లీ తడమాలి. మెత్తగా తగిలిన చోట గుంట పడిందంటే, రేపు సూది వేయించబోయే ఎదలోని అండం ఆ ఆకలిలోనే పెరుగుతోంది.