క్లిప్పు 96 చూపిస్తే రక్తంలో 96 ఉన్నట్టేనా?

వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ మీద తిరుపతిలో మళ్ళీ వాదన లేచింది. ఒక పక్క డాక్టర్లు, ఇంకో పక్క మెషిన్ లెర్నింగ్ చదివిన కుర్రాళ్ళు. చర్మం నల్లగా ఉంటే ఈ క్లిప్పు ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపించగలదని ఇద్దరూ ఒప్పుకుంటారు. సాఫ్ట్‌వేర్‌తో అంకె సరిదిద్దేస్తే చాలంటారు కుర్రాళ్ళు. తప్పు క్లిప్పులోని దీపం దగ్గరుంటే లెక్క దిద్ది ఏం లాభం అంటారు డాక్టర్లు.

2021 వేసవి గురించి ఈ ఊరికి కొత్తగా చెప్పనక్కర్లేదు. మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెజర్ పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది పోయారు. ఆ రోజుల్లో ఇంటింటా 94 శాతం ఆక్సిజన్ లక్ష్మణరేఖ, అంతకన్నా తగ్గితేనే ఆసుపత్రి. "96 చూపిస్తా ఉండాది కదా సార్" అంటే ఇంటికి పొమ్మనేవారు. ఆ 96 నిజంగా 96 యేనా అని అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఈ పరికరం పుట్టుక అందరూ చెప్పే కథే. 1974లో జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి, నాడి కొట్టుకోవడం వల్ల తన కొలతల్లో వస్తున్న గందరగోళాన్నే కొలతగా మార్చాడు. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 1976లో హ్యూలెట్ ప్యాకార్డ్ చెవికి తగిలించే ఆక్సీమీటర్ తెచ్చింది. దీపం వెలుగును ఫిల్టర్ల గుండా పంపి 8 తరంగదైర్ఘ్యాల దగ్గర, అంటే ఎనిమిది రకాల వెలుగుల్లో, కొలిచేది. చర్మం రంగు ఎంత, రక్తం రంగు ఎంత అని విడదీయడానికి అందులో వీలుంది. కానీ బరువెక్కువ, ఖరీదెక్కువ. 1980లలో ఎల్‌ఈడీలు చవకయ్యాయి. 660 నానోమీటర్ల ఎరుపు ఒకటి, 940 దగ్గర ఇన్‌ఫ్రారెడ్ ఒకటి, రెండు దీపాలతోనే పని జరిగిపోయింది. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండు వెలుగుల్నీ వేర్వేరుగా పీలుస్తాయి, ఆ తేడాతోనే లెక్క. 1983లో నెల్‌కోర్ కంపెనీ యంత్రం ఆపరేషన్ థియేటర్లలోకి వచ్చాక చెవి యంత్రాన్ని అడిగేవాళ్ళు లేకపోయారు. ఎనిమిది రెండైన చోటే ఇవాళ్టి తగువుకు బీజం పడిందని నా లెక్క.

నిజానికి సూత్రంలో లోపం లేదు. యంత్రం నాడితో పాటు మారే వెలుగునే లెక్కలోకి తీసుకుంటుంది; చర్మం రంగు అలా మారదు కాబట్టి అది లెక్కలో కొట్టుకుపోవాలి. చిక్కంతా ఎల్‌ఈడీ స్వభావంలో ఉంది. సెమీకండక్టర్‌లో ఎలక్ట్రాన్ బ్యాండ్ గ్యాప్ అనే శక్తి మెట్టు దాటి కిందికి దిగినప్పుడు వెలుగొస్తుంది. అది లేజర్‌లా సన్నటి గీత కాదు, 660కి అటూ ఇటూ కొంత పరుచుకుని ఉంటుంది. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ పొట్టి తరంగాలను ఎక్కువగా మింగుతుంది. దాంతో నల్లటి వేలి గుండా దాటిన ఎరుపు, పంపిన ఎరుపు కన్నా కాస్త పొడవు వైపు జరుగుతుంది. అక్కడ ఆక్సిజన్ లేని రక్తం వెలుగును తక్కువగా పీలుస్తుంది. యంత్రమేమో ఆక్సిజన్ ఎక్కువుందనుకుంటుంది. ఎల్‌ఈడీ వేడెక్కినా బ్యాండ్ గ్యాప్ తగ్గి వెలుగు అటే జరుగుతుంది. మన మే నెల ఎండల్లో చవక క్లిప్పుకు ఇది చిన్న సంగతేం కాదు.

రెండు వెలుగుల నిష్పత్తిని శాతంగా మార్చే పట్టిక చిప్పులోనే ఉంటుంది. నిష్పత్తి 1 అయితే దాదాపు 85 శాతం. ఆరోగ్యవంతులైన వాలంటీర్ల ఆక్సిజన్‌ను 70 శాతం దాకా దించి, ధమని రక్తంతో పోల్చి ఆ పట్టిక తయారు చేస్తారు. వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరీక్షకు 2013లో చెప్పింది ఇంతే: కనీసం 10 మంది, వాళ్ళలో నల్లటి చర్మం వాళ్ళు ఇద్దరు, లేదా 15 శాతం, ఏది ఎక్కువైతే అది. ఇద్దరంటే ఇద్దరు!

1990లోనే ఐసీయూల్లో ఈ తేడా కనిపించిందని వైద్యులు రాశారు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2020 డిసెంబరులో మిషిగన్ వైద్యుల పరిశోధన వచ్చాకే కదలిక మొదలైంది. క్లిప్పు 92 నుంచి 96 చూపించినప్పుడు అసలు రక్తంలో 88 కన్నా తక్కువున్నవాళ్ళు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్ళలో 3.6 శాతం. మనకు తగిలే అంకె 2022లో వచ్చింది. అమెరికా కొవిడ్ రోగుల్లో, తెల్లవాళ్ళతో పోలిస్తే ఆసియా మూలాలవాళ్ళకు క్లిప్పు సగటున 1.7 పాయింట్లు ఎక్కువ చూపించింది. గీత 94 దగ్గర గీసినప్పుడు 1.7 అంటే బెడ్డు దొరకడానికీ దొరకకపోవడానికీ మధ్య తేడా.

సాఫ్ట్‌వేర్ పక్షం మాటలోనూ పస ఉంది. ఇళ్ళలో ఉన్న క్లిప్పులన్నీ పారేయలేం. ధరల నియంత్రణ సంస్థ 2021 జూలైలో వ్యాపారుల మార్జిన్‌కు 70 శాతం పరిమితి పెట్టాక పేదింటికి కూడా చేరిన వస్తువు అది. కాకపోతే పరిశోధకులకు అందుబాటులో ఉన్న పేరుమోసిన ఐసీయూ డేటా బోస్టన్ ఆసుపత్రిది. అక్కడ నేర్చిన మోడల్‌కు మన చర్మం ఎంత తెలుసు? పైగా చిప్పు బయటికిచ్చేది చివరి అంకె. లోపలి రెండు వెలుగుల లెక్క అందకపోతే మోడల్ దిద్దేది నీడనే.

2025 జనవరిలో ఎఫ్‌డీఏ ఈ పరీక్షల మార్గదర్శకాలకు కొత్త ముసాయిదా ఇచ్చింది. పరీక్షకు కనీసం 150 మంది కావాలంది, చర్మం రంగును కంటితో పోల్చడమే కాక కొలతతోనూ చూపమంది. అలాంటి పరీక్ష తిరుపతిలో పెట్టాలంటే స్విమ్స్ ఆసుపత్రి లాంటి చోట ధమని రక్తం తీసేవాళ్ళూ, ఏర్పేడు ఐఐటీలో ఎల్‌ఈడీ స్పెక్ట్రమ్ కొలిచేవాళ్ళూ ఒకే బల్ల ముందు కూర్చోవాలి. రెండు చోట్లకీ మధ్య దూరం గంట ప్రయాణం లోపే. ఈలోగా కేసు షీటు మీద రక్తం తీసిన టైమే కాదు, క్లిప్పు అంకె చూసిన టైమూ రాయాలి. రెండూ ఒకే సమయానివైతేనే పోల్చడానికి వీలు.