ప్రభ ఎత్తు ఫోనుకి ఎలా తెలుస్తుంది?

అంబాజీపేట

చిరంజీవులు మనవలకీ మనవరాళ్లకీ తాతయ్య ఆశీస్సులు.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మీరు తీసిన వీడియో రెండుసార్లు చూశాను. "అక్కడ ఉన్నప్పుడు ఒళ్లు జలదరించింది తాతయ్యా, ఫోన్లో చూస్తే ఏమీ లేదేంటి?" అని పెద్దది అడిగింది. ఫోను తప్పేమీ లేదు. మొత్తం నిలబడి, మీ కంటి ఎత్తునుంచే తీశారు. అంత జనంలో అలా తీస్తే ముందువాళ్ల వీపులూ, వాళ్లు ఎత్తి పట్టుకున్న ఫోన్లూ తప్ప ఏం పడతాయి? పెళ్లి వీడియోలు తీసి బతికినవాణ్ణి కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

చూసేవాడు ఎక్కడ కూర్చున్నా, కథలో అతను ఎక్కడ నిలబడాలో కెమెరాయే తేలుస్తుంది. దూరంగానా, దగ్గరగానా, కిందనా, పైనా? షాట్ల పేర్లన్నీ ఈ లెక్కలోంచి పుట్టినవే.

ప్రభనే తీసుకోండి, వెదురుతో ఎత్తుగా కట్టి, దేవుణ్ణి నిలిపి, ఊరివాళ్లు భుజాల మీద మోసుకొచ్చేది. చేను గట్టు మీద గొంతుక్కూర్చుని ఫోను మోకాలి ఎత్తుకి దించి పైకి చూపించారనుకోండి, అది లో యాంగిల్. వెదురు కట్టూ, కొత్త బట్టలూ, గంటలూ అన్నీ ఆకాశంలోకి లేస్తాయి. జనం అడుగున ఉండిపోతారు. దేవుడు వస్తున్నాడనిపిస్తుంది. అదే ప్రభని డ్రోన్‌తో తీస్తే పచ్చటి చేలో రంగు కాగితం ముక్కలా ఉంటుంది. అలాగని టాప్ యాంగిల్ పనికిరాదని కాదు. పదకొండు ఊళ్ల రుద్రులూ, అంటే ఆ ఊళ్ల శివుళ్లంతా, ఒక్క తోటలో కొలువుదీరడం చూపించాలంటే పైనుంచి తీయాల్సిందే. కాకపోతే ఈమధ్య ప్రతివాడూ మొదలునుంచి చివరిదాకా డ్రోన్ దిగడం లేదు. అంత ఎత్తునుంచి చూస్తే ఎవరి భుజమూ నొప్పి పుట్టదు.

ఆ భుజమే క్లోజప్‌కి తగినది. మోసేవాడి భుజం మీద మడిచి పెట్టుకున్న తువ్వాలు, దాని పక్కన కందిపోయిన చర్మం, మెడ మీద ఉబ్బిన నరం. తర్వాత దాళ్వా (రెండో పంట) నాట్లు వేసిన చేలో చీలమండ దాకా దిగబడిన పాదం. ఈ రెండు షాట్లలో ప్రభ కనబడకపోయినా పరవాలేదు, వెనకనుంచి మోసేవాళ్ల "అశ్శరభ శరభ" కేక వినబడితే చాలు, బరువు తెలిసిపోతుంది. మీ వీడియోలో ఆ కేక బాగానే వినబడింది, అరిచినవాళ్లలో ఒక్క మొహమూ కనబడలేదు.

క్లోజప్ అంటే జూమ్ నొక్కడం అనుకోకండి. చాలా ఫోన్లు దూరపు జూమ్‌లో చేసేదల్లా బొమ్మలో కొంత కత్తిరించి పెద్దది చేయడమే, అందుకే అలుక్కుపోతుంది. నడిచి దగ్గరికి వెళ్లండి. మరీ మొహం మీదికి మాత్రం వెళ్లొద్దు. ఫోనుది వెడల్పాటి లెన్స్, దగ్గరికి పోతే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. మీ నాయనమ్మ ఫొటో చూసి "ఇది నేను కాదు" అన్నది అందుకే.

ఒక షాట్ పక్కన ఇంకో షాట్ పెడితే అర్థమే మారిపోతుంది. వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినిమా దర్శకుడు ఒకే నటుడి మొహాన్ని, ఏ భావమూ లేనిదాన్ని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడట. ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం ఎంత బాగా నటించాడో అని జనం మెచ్చుకున్నారట. మొహం మాత్రం అదే.

కింద నుంచి తీస్తే గొప్పవాడు, పైనుంచి తీస్తే అల్పుడు అని బట్టీ పట్టకండి. ఉయ్యాల్లో పాపని తల్లి పైనుంచే చూస్తుంది. అక్కడ ఉన్నది ముద్దు. ఎవరి కళ్లతో చూస్తున్నామన్నదే ముఖ్యం. మన నేల చూడండి, కొండా గుట్టా లేని చదును. ఎత్తు కావాలంటే ఏటిగట్టో, వంతెనో, మేడో ఎక్కాలి. అందుకని ఇక్కడ చేనూ ఆకాశమూ కలిసే గీతని ఫ్రేములో ఎక్కడ పెడతారన్నది పెద్ద సంగతి. గీత కిందికి దించితే కాలవ గట్టు మీద పోతున్నవాడి మీద ఆకాశమంతా పడుతుంది, వాడికి ఎవరూ లేరనిపిస్తుంది. పైకి జరిపితే ఫ్రేమంతా చేనే, వాడు ఆ చేను తాలూకు మనిషి అవుతాడు. నడక మారలేదు, మనిషీ మారలేదు.

మన నరసాపురంలో పుట్టిన బాపు గారు బొమ్మలు వేసే మనిషి. తీయబోయే షాట్లని ముందే కాగితం మీద గీసుకునేవారు. తన మొదటి సినిమా 'సాక్షి'ని 1967లో ఈ గోదావరి పక్కనే, పులిదిండిలో తీశారు. మీరూ గీసుకోండి. బొమ్మలు రాకపోతే పుల్లమనుషులు చాలు.

చివరగా ఒక దోషం. గంగలకుర్రు ఊరి ప్రభ కౌశిక ఏట్లో దిగినప్పుడు ఎడమనుంచి కుడికి పోతోంది. ఒడ్డుకి వచ్చేసరికి కుడినుంచి ఎడమకి పోతోంది! మీలో ఎవరో వంతెన దాటి అవతలి గట్టునుంచి తీశారు. చూసేవాడికి ప్రభ వెనక్కి తిరిగినట్టుంటుంది. వచ్చే ఏడు ఏ గట్టున ఉండాలో ముందే అనుకుని, అందరూ ఆ గట్టునే ఉండండి. తప్పక అవతలికి పోవాల్సివస్తే, మధ్యలో ప్రభ నేరుగా కెమెరా మీదికి వచ్చే షాట్ ఒకటి పెట్టండి, తేడా తెలియదు. ఫోను మాత్రం అడ్డంగా పట్టుకోండి.

మీ తాతయ్య